జయరాములు ముడి

వేలూరులో ఆ పాత సినిమా మళ్లీ వేశారు. వారం రోజులు, పొద్దుటి ఆట మాత్రమే. పుష్పవతి రావడం ఇది నాలుగోసారి.

నలుపు తెలుపు బొమ్మ. చేయని హత్యకు జైలుపాలైన ఒక రైల్వే గార్డు కథ. హాల్లో పట్టుమని పదిమంది లేరు. అందులో సగం మంది చల్లగా నిద్రపోవడానికి టికెట్టు కొన్నవాళ్లే. పుష్పవతి మాత్రం చివరి వరుసలో ఒక్కతే కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, రెప్ప వేయకుండా చూసింది.

టికెట్లు చింపే లోగనాథన్ ఒక వింత గమనించాడు. గార్డుకు శిక్ష పడినప్పుడు మెలకువగా ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకుంటారు. ఈమె తుడుచుకోదు. ఆఖర్లో అసలు హంతకుడు కోర్టులో లేచి నిలబడి, చంపింది నేనే అని చెప్పే చోట మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టే చోటు అది.

ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు. ఆమె దాచలేదు. తనది గుడియాత్తమని చెప్పింది. మొగుడు జయరాములు నేతగాడనీ, హత్య కేసులో పదకొండేళ్లుగా ఈ ఊరి జైల్లోనే ఉన్నాడనీ చెప్పింది. ఆయన చేయలేదంది.

లోగనాథన్‌కు ఆ ఏడుపు అర్థమైంది.

"సినిమాలో అయితే ఎవుడో ఒకడు లేసి నిలబడతాడు. మీకు అట్ల ఎవురూ లెయ్యలేదు గదమ్మా," అన్నాడు.

"లెయ్యలేదప్పా," అంది పుష్పవతి.

గుడియాత్తంలో ఆ కేసు తెలియనివాళ్లు లేరు. నేతగాళ్లకు నూలిచ్చే పెరియస్వామి ఒక మధ్యాహ్నం గోడౌన్లో తాగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. మెడకు పేనిన నూలు పేట చుట్టి, బిగించి, ముడి వేసి ఉంది. మగవాళ్లు లేని వేళ చూసుకుని మగ్గాల ఇళ్లకు వెళ్లే అలవాటున్న పెద్దమనిషి ఆయన. అంతకు రెండు రోజుల ముందే జయరాములు నడివీధిలో ఆయన చొక్కా పట్టుకున్నాడు. అంతమాత్రానికే ఎవరికీ శిక్ష పడదు. జయరాములును పట్టించింది ఆ ముడి.

తెగిన పోగును ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో తీరున ముడేసి అతుకుతారు. తండ్రి కొడుకుకు నేర్పుతాడు. బట్ట తిరగేసి చూసి, ఇది ఫలానావాడు నేసిందని చెప్పగల ముసలివాళ్లు ఆ వీధిలో ఇంకా ఉన్నారు. సుబ్బరాయులు అలాంటివాడు. పోలీసులు చూపించిన ముడిని వేళ్లతో తడిమి, ఎడమకు రెండు మెలికలు ఉన్నాయన్నాడు. ఆ తీరు జయరాములు తండ్రిదనీ, ఆయన పోయాక జయరాములు ఒక్కడిదేననీ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. జయరాములుకు అన్నదమ్ములు లేరు. కొడుకులూ లేరు. ఇంకెవరికి వస్తుంది?

జయరాములు ఔననలేదు, కాదనలేదు. సాక్షి మాట్లాడినంతసేపూ తల వంచుకుని నిలబడ్డాడు.

సినిమా అయ్యాక పుష్పవతి జైలుకు వెళ్లింది. ఇనప జాలీకి అవతల జయరాములు మాటకొకసారి దగ్గాడు. గుండె బాగా దెబ్బతిందని, ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాడట. ఆ మాట జయరాములు నవ్వుతూ చెప్పాడు. ఈ ఊళ్లోనే సత్తువాచారిలో ఉండే లాయరమ్మ రమ్మన్నదని ఆమె చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"ఆయమ్మకు ఏమీ చెప్పబాకు. నేను ఈడ బాగనే ఉండాను. నువ్వు యాళకు తిను, అది చాలు."

టైం అయిపోయింది. ఆయన లోపలికి నడుస్తుంటే వెనకనుంచి పిలవాలనిపించింది. సంచి సర్దుకుని సత్తువాచారికి బయల్దేరింది.

లాయరు హేమమాలిని చిన్న వయసు మనిషి. ఫీజు తీసుకోకుండా రెండు నెలలుగా ఆ ఫైలు చదువుతోంది. పుష్పవతిని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నెమ్మదిగా అడిగింది.

"అందురూ ముడి గురించే చెప్పినారమ్మా. అది ఇంకొకరికి వచ్చునా అని ఎవురూ అడగలేదు. అట్ల ఒక్క మనిషి ఉండాడని తేలితే చాలు, కేసు తిరగదోడొచ్చు. మీ ఆయన ఇంటికొస్తాడు. ఉండారా ఎవురన్నా?"

పుష్పవతి నీళ్ల గ్లాసు కింద పెట్టింది. జాలీ అవతలి దగ్గు చెవుల్లోంచి పోలేదు. ఒకసారి పెదవులు కదిలాయి. లాయరు గబుక్కున పెన్ను మూత తీసింది.

"లేరమ్మా," అంది పుష్పవతి.

హేమమాలిని పెన్ను మూత పెట్టేసింది. పాపం, ఆశ పెట్టి ఏడిపించానే అనుకుని, బస్సు దాకా తోడు వచ్చింది.

గుడియాత్తం చేరేసరికి సాయంత్రమైంది. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. మగ్గం మీద మగవాళ్లు, రాట్నం దగ్గర ఆడవాళ్లు, ఎప్పటిలాగే. పుష్పవతి కూడా పక్కింటి భారతమ్మ వాళ్లకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతుకుతోంది. ఇంటికొచ్చి పిడికెడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఒక్క మనిషికి వండుకోవడం ఆమెకు ఇప్పటికీ చేత కాలేదు. రోజూ మిగులుతుంది.

అన్నం ఉడికేలోపు మొగుడి మగ్గం తుడవడం ఆమె అలవాటు. ఆయన్ని తీసుకుపోయిన రోజున సగం నేసి ఉన్న లుంగీ ఇంకా దానిమీదే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. పడుగు పోగుల మీద దుమ్ము మెల్లగా దులుపుతుంటే, చివికిన పోగు ఒకటి పుటుక్కున తెగింది.

పుష్పవతి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి, తెగిన కొసలు రెండూ కలిపి, ఆనాడు పెరియస్వామి మెడకు వేసినట్టే, ఎడమకు రెండు మెలికలు తిప్పి ముడి వేసింది.