కెప్టెన్ హార్బర్ పెళ్లి

మిన్నా రోస్కిన్ చేతిలోని బొమ్మల పుస్తకం కొత్త సంచికను ఎడిటర్ వెండెల్ ప్రైస్ బల్ల మీద విసిరికొట్టింది. సాసరులో కప్పు గలగలమంది.

"మళ్లీ ఇంకో పిల్లా?" అంది.

వెండెల్ తాపీగా అట్ట వైపు చూశాడు. అట్ట మీద బొమ్మలో, న్యూయార్క్ రేవులో కెప్టెన్ హార్బర్ ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. ఎర్ర గౌను పిల్ల ఒకతె అతని మెడకు వేలాడుతోంది. వెనక ఇంకో ఇద్దరు తమ వంతు కోసం చూస్తున్నట్టున్నారు.

"కూర్చోండి, మిసెస్ రోస్కిన్. ఈ అమ్మాయి పేరు జీనెట్."

"పేరు నాకెందుకయ్యా? పోయిన నెల సర్కస్ పిల్ల. అంతకుముందు ఆ గూఢచారి. వాడికి సిగ్గు లేదా, నీకు లేదా?"

"సిగ్గుపడితే పుస్తకం అమ్ముడవదండీ. అతన్ని చూస్తే ఆడపిల్లలు ఆగలేరు. కథంతా అదే కదా. మీ ఆయన గీసిన మొహం అలాంటిది మరి. వారానికి రెండు గోతాల ఉత్తరాలొస్తాయి, అన్నీ ప్రేమలేఖలే."

మిన్నా ఇలా ఆఫీసు మీదికి రావడం ఆ ఏడాదిలో నాలుగోసారి. తలుపు దగ్గర టైపు చేస్తున్న లొరెయిన్ పక్క బల్ల అమ్మాయి వైపు వంగింది.

"పెద్దావిడ కూడా పడిపోయినట్టుందే హార్బర్‌కి," అని గుసగుసలాడింది. మిన్నాకు వినపడింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"నర్సు రూత్ ఉందిగా," అంది వెండెల్‌తో. "ఒళ్లు వంచి పనిచేసుకునే పిల్ల. ఆ కథలో వాడు దెబ్బలు తగిలి పడి ఉంటే పక్కన కూర్చుని సూపు తాగించింది. ఆ పిల్లతో పెళ్లి చేసెయ్."

వెండెల్ ఈసారి నిజంగానే నవ్వాడు. "పెళ్లైనవాడికి ప్రేమలేఖ ఎవరు రాస్తారండీ? అయినా ఇరవై అయిదేళ్లకే అంత తొందరేం?"

"ఇరవై తొమ్మిది."

"ఏంటి?"

"ఇరవై తొమ్మిది. నాలుగేళ్ల కింద కూడా ఇరవై అయిదే అన్నావు నువ్వు."

వెండెల్ నవ్వు ఆగింది. ఆ గొడవ అతనికి తెలియంది కాదు. పద్దెనిమిదేళ్ల కిందట హైమన్ రోస్కిన్ ఆ బొమ్మ మొదలుపెట్టినప్పుడు హార్బర్ పదకొండేళ్ల పిల్లాడు. హైమన్ అతన్ని ఏడాదికేడాది పెంచుతూ వచ్చాడు. కాళ్లు సాగదీశాడు, దవడ తేల్చాడు, గడ్డం నీడ వేశాడు. ఇంకే బొమ్మల పుస్తకంలోనూ వీరులకు వయసు రాదు. పాఠకులకు అది తెగ నచ్చింది. ఇరవై అయిదు నిండేసరికి అతనెంత అందగాడయ్యాడంటే, ఇక అక్కడే ఆపమంది కంపెనీ.

"వినండమ్మా," అన్నాడు వెండెల్, మొండి మనిషికి నచ్చజెప్పే గొంతుతో. "అతనికి వయసు రాదు. ఎప్పటికీ ఇరవై అయిదే. అదృష్టవంతుడు. మీకూ నాకూ లేదు ఆ యోగం."

మిన్నా అతని కాఫీ కప్పు అందుకుంది.

"ఇంకోసారి అదృష్టం అన్నావంటే ఈ కాఫీ నీ నెత్తిన పోస్తాను."

పోసేలాగే ఉంది. లొరెయిన్ టైపు చేయడం ఆపేసింది.

రైల్లో బ్రాంక్స్ దాకా వెళ్లినా ఆ కోపం చల్లారలేదు. ఇంట్లో హైమన్ కిటికీ పక్క బల్ల మీద జీనెట్ ముద్దు గీస్తున్నాడు. మిన్నా కోటైనా విప్పకుండా అందుకుంది.

"వాళ్లెవరో ఆపమంటే వాడి వయసు ఆపేస్తావా? నాలుగేళ్లు. నీ చేతికేమొచ్చింది?"

"ఉద్యోగం, మిన్నా."

"తగలడనీ నీ ఉద్యోగం. ఇలా ఊరంతా పడి తిరగడానికా వాణ్ణి ఇన్నేళ్లు పెంచావు?"

హైమన్ బ్రష్షు కింద పెట్టాడు. తర్వాత ముద్దు కాగితాన్ని నిలువునా చించాడు. బల్లకు కొత్తది బిగించాడు.

"రూత్ జుట్టు ఎలా ఉండాలి?" అని మాత్రం అడిగాడు.

"ముడి వెయ్యి." మిన్నా కోటుతోనే అతని పక్కన కూర్చుంది. "వాడికి కళ్ల పక్కన రెండు గీతలు పెట్టు. నుదుటి మీద జుట్టు కాస్త తగ్గించు, నీకు తగ్గినట్టు."

సోమవారం హైమన్ తెచ్చిన ఆ పేజీలు చూసి వెండెల్ ఆఫీసంతా అదిరేలా అరిచాడు.

"ఎవర్నడిగి చేశావయ్యా పెళ్లి? మీ యూదుల పెళ్లిలోలా నాలుగు కర్రల మీద ఈ పందిరేంటి? వాడి కాలి కింద ఈ పగిలిన గ్లాసేంటి? ఏం, వాడు నీ సొంతమనుకున్నావా? కంపెనీ మనిషి వాడు."

పేజీలు తెచ్చి హైమన్ ఛాతీకేసి కొట్టాడు. పావుగంటలో బొమ్మను వేరే చిత్రకారుడికి అప్పగించేశాడు. వచ్చే నెల ఇరవై అయిదేళ్ల కెప్టెన్ హార్బర్‌ని ఒక యువరాణి ముద్దు పెట్టుకోవాలి.

హైమన్ తన బ్రష్షులు మూటగట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మిన్నా అతన్ని పల్లెత్తు మాట అనలేదు. వెండెల్‌ని మాత్రం తిట్టింది, తమ యిడ్డిష్ భాషలో, గొంతు పోయేదాకా. ఆ తర్వాత నలిగిపోయిన పెళ్లి బొమ్మను అరచేత్తో సాపు చేసి, వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో ఇలా రాసింది: "మా అబ్బాయి నాథన్ రోస్కిన్, పుట్టింది 1930లో, పోలియోతో పోయింది 1937లో, పెళ్లయింది 1959లో."