ఆగిన పంపు చప్పుడు

మా కోడలు క్వాంటమ్ కంప్యూటర్ మీద పనిచేస్తుంది. దాన్ని చల్లబరిచే పంపుకు నేను మెకానిక్‌ని. మనిషెత్తు డబ్బా, దాని అడుగున గోరంత చిప్పు. ఇసుమంత వేడి సోకినా లెక్క చెదిరిపోతుంది. రెండేళ్లు కష్టపడి కూర్చుకున్న లెక్కను ఆ రాత్రి తొలిసారి నడిపిస్తోంది.

"కునుకు తీశారో, అత్తయ్యకు చెప్పేస్తా మామయ్యా," అని నవ్వి పై గదికి వెళ్లింది.

రెండు దాటాక, బేరింగు వేడెక్కిందేమోనని పంపు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. అదురు లేదు. చక్రం తిరగడం లేదు. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. డబ్బాకు ఆనించాను. చప్పుడు లోపల ఉంది. ప్రతి నాలుగో దెబ్బకూ మా పంపు తడబడుతుంది. ఆ తడబాటుతో సహా ఉంది. డబ్బాలో కదిలే వస్తువంటూ ఒక్కటీ లేదు. మీటరులో చలి మాత్రం చెక్కుచెదరలేదు.

పంపు మళ్లీ వేస్తే ఆ కుదుపుకే లెక్క పోతుంది. స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాను. ఫోను మోగింది.

"మామయ్యా, లెక్క ఎంత చక్కగా వస్తోందో!"

"ఇంకెంతసేపు తల్లీ?" అన్నాను.

నేను మాట్లాడినంతసేపూ చప్పుడు ఆగింది. మీటరులో వేడి ఒక గీత పెరిగింది, ఇంకో గీత పెరిగితే లెక్క పోతుంది. నోరు మూయగానే చప్పుడు మళ్లీ మొదలైంది.

"నాలుగు గంటలే. నిద్ర రాకుండా ఏవైనా కబుర్లు చెప్పండి."

పెదవి కదపలేదు.

"మామయ్యా? అలిగారా?"