టర్బో లేని బండి

“టర్బోనా? ఈ డొక్కు బండికా?” కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. “ముసలి గాడిదకి రెక్కలు మొలిచాయన్నట్టుంది!”

మెకానిక్ నవ్వలేదు. స్టేషన్ వెనక, పట్టుకొచ్చిన బండ్ల మధ్య, ఆ పాత డీజిల్ కారు మూతి నొక్కుకుపోయి పడి ఉంది. దాన్ని విప్పి చూడ్డానికి కోర్టు అనుమతి సంపాదించి అతన్ని తీసుకొచ్చింది ఓ తల్లి. యాభై దాటిన మనిషి. కారు వెనకే నిలబడిపోయింది. ముందు వైపుకి రాలేదు, కన్నెత్తి చూడలేదు.

సిగ్గు కాబోలు అనుకున్నాడు మెకానిక్. కన్నకడుపు, పాపం.

“ప్రమాదం ఎలా జరిగిందంటున్నాడమ్మా అబ్బాయి?”

“యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా ఆగలేదట. తాళం తిప్పేసినా ఇంజను అరుస్తూనే ఉందట. బ్రేకు తొక్కినా ఈడ్చుకుపోయిందట. టర్బో చెడితే అలా అవుతుందని ఎవరో అన్నారు. ఈ మోడల్‌కి టర్బోనే రాదు, అబద్ధాలాడుతున్నాడని రిపోర్టు రాశారు బాబూ. రేపే ఆఖరి వాయిదా. ఓ ప్రాణం పోయిందిగా, ఏళ్ల తరబడి లోపలేస్తారు. పట్టుమని పాతికేళ్లు లేవు. అన్నం ముట్టట్లేదట.”

మెకానిక్ గడ్డపార దూర్చి బానెట్ లేపాడు. ఇంజనులోకి గాలి తోసే టర్బో జాడే లేదు పైకి. పొగగొట్టం ఇంజను నుంచి బయల్దేరే చోట చెయ్యి దూర్చి తడిమాడు. రేకు మూత కింద, నత్తగుల్లలా చుట్టుకున్న ఇనుప డొల్ల వేళ్లకి తగిలింది.

“ఉందమ్మా! పాత ఓనరెవడో వేరే బండిది తెచ్చి బిగించాడు. కాగితాల్లో ఎక్కించలేదు, అంతే.”

గాలి గొట్టం ఊడదీశాడు. లోపలి చక్రం ఇరుసుని రెండు వేళ్లతో పట్టి ఊపాడు. వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు. ఇది వదులైన పన్నులా ఊగింది. రెక్కల అంచులు డొల్లకి రాసుకుని అరిగిపోయాయి. గొట్టం వంచగానే నల్లటి ఆయిల్ అతని మణికట్టు మీదుగా జారింది.

అతను బానెట్ పక్కనుంచి తల బయటికి పెట్టాడు.

“ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయింది. ఇంజను తన ఆయిల్‌ని తనే డీజిల్‌లా తాగి పరిగెత్తింది. ఇక డీజిల్‌తో పనేముంది, తాళంతో పనేముంది? ఆ సీట్లో నేనున్నా చేతులెత్తేసేవాణ్ణి. అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం.”

“తాగి తోలలేదా? ఒళ్లు తెలీకుండా తోలలేదా? నిజం చెప్పు బాబూ.”

“తప్పంతా బండిదే. నా పిల్లల మీద ఒట్టు.”

ఆమె ఉన్నచోటే కూలబడింది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కానిస్టేబుల్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. వెళ్లి మంచినీళ్లు తెచ్చాడు.

“ఊరుకోండమ్మా,” అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. “రేపు కోర్టుకి నేనే వచ్చి చెప్తా. మీ అబ్బాయి ఇంటికొచ్చేస్తాడు.”

“మా అబ్బాయి ఇంకెక్కడొస్తాడు బాబూ,” అందామె, “ఈ బండి గుద్దేసింది వాడినే.”