తలుపు పక్క సీటు

"లే పిల్లా. అది నా సీటు."

మార్వీటా తలెత్తింది. ఎనభై దాటిన ముసలావిడ. తెల్ల టోపీ, తెల్ల చేతి తొడుగులు, చేతిలో కర్ర. మొహంలో జాలీ దయా మచ్చుకైనా లేవు.

ఆ చర్చికి మార్వీటా రావడం అదే మొదటిసారి. ఆరాధన అప్పటికే మొదలైంది. చివరి బెంచీలో మార్వీటా తప్ప ఎవరూ లేరు. ఆమె కూర్చున్నది అంచున, తలుపు పక్కన.

"ఇటుపక్క బోలెడు చోటుంది కదండీ..."

"నలభై ఏళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నా. ఇవాళ నీకోసం మారమంటావా?"

చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. మార్వీటా మొహం మాడిపోయింది. గోడవైపు జరిగింది.

అలబామాలో చిన్న ఊళ్ళ చర్చీల్లో అంతే. బెంచీల మీద పేర్లు రాసి ఉండవు, అయినా ఎవరి సీటు వాళ్ళదే. తెలియక కూర్చున్నారో, జన్మంతా గుర్తుండేలా చేస్తారు.

కానీ మార్వీటాకి ఆ అంచే కావాలి. మొగుణ్ణి వదిలి పారిపోయి వచ్చి మూడు నెలలు. ఆరేళ్ళు కర్టిస్ చేతి దెబ్బలు తిన్న మనిషి. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపెక్కడుందో చూసుకుంటుంది. అతనొస్తే పరిగెత్తడానికి దారుండాలి కదా! ఇప్పుడా దారికి అడ్డంగా ఈవిడ మోకాళ్ళు.

మరుసటి ఆదివారం అరగంట ముందే వచ్చి అంచున కూర్చుంది.

"జరుగు."

ఆ పై వారమూ అంతే. "జరుగు." అంతకు మించి ఇంకో ముక్క లేదు.

ఓసారి చర్చి పెద్ద డీకన్ హార్వెల్‌తో మొరపెట్టుకుంది. తలుపు దగ్గర నిలబడి అందరినీ లోపలికి పిలిచేది ఆయనే. ముసలావిడ పేరు ఓజెల్లా; పెద్దావిడ ఎవరినైనా అక్కడ మిస్ అనే పిలుస్తారు.

"అయ్యా, మీరైనా చెప్పండి ఆ మిస్ ఓజెల్లాకి."

ఆయన నోరు తెరిచాడు. ముసలావిడ ఒక్క చూపు చూసింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

ఊళ్ళో మార్వీటాకి ఎవరూ లేరు. వారమంతా కోళ్ళ ఫ్యాక్టరీలో పని, అద్దె గదిలో ఒంటరి తిండి. నలుగురి గొంతులు వినబడేది ఆదివారం ఒక్కపూటే. అందుకే ఆవిణ్ణి భరించింది.

జూన్‌లో ఓ ఆదివారం, పాట మధ్యలో తలుపు తెరుచుకుంది.

కర్టిస్. ఇస్త్రీ చొక్కా, చేతిలో గులాబీలు.

మార్వీటా లేవబోయింది. దారికి అడ్డంగా ఆవిడ మోకాళ్ళు.

అతను ముసలావిడ ఎదురుగా వంగాడు. "కాస్త జరగండమ్మా. నా పెళ్ళాం పక్కన కూర్చోవాలి."

"బెంచీ నిండింది."

"ఉన్నది ఇద్దరేగా!"

"నిండిందన్నానా? నాకు లెక్కలు నేర్పకు నాయనా."

అతను మోకాళ్ళ మీంచి దాటబోయాడు. ఆవిడ కర్ర అడ్డం పెట్టింది.

"నన్ను తాకి చూడు. ఇక్కడున్న మగాళ్ళంతా కలిసి నిన్ను పొలిమేర దాటిస్తారు!"

పాట ఆగిపోయింది. ముందు వరసల్లోంచి మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. కర్టిస్ గులాబీలు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. అతని కారు కనుమరుగయ్యేదాకా డీకన్ రోడ్డు మీదే నిలబడ్డాడు.

మార్వీటా ముసలావిడ భుజం వైపు వంగి గొణిగింది. "మీ మేలు మర్చిపోనండీ."

ఆవిడ తల కూడా తిప్పలేదు. ముందుకే చూస్తూ విసనకర్ర ఊపుకుంటోంది.

మార్వీటా మనసు చివుక్కుమంది. అంటే ఇదంతా నాకోసం కాదన్నమాట. ఎవరొచ్చినా ఇలాగే అడ్డంపడుతుంది. ఛీ, రాతిగుండె మనిషి!

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు చర్చికి వెళ్ళలేదు. అందరి ముందూ బతుకు బయటపడిందన్న సిగ్గు. గదిలో కూర్చుని, ఎవరైనా వచ్చి పలకరిస్తారేమోనని చూసింది. ఎలా వస్తారు? తానెక్కడ ఉంటుందో ఎవరికీ చెప్పనే లేదాయె.

ఐదో ఆదివారం ఉండబట్టలేక వెళ్ళింది.

చివరి బెంచీ ఖాళీ. హమ్మయ్య అనుకుని అంచున కూర్చుంది. ఎందుకో కుదురు చిక్కలేదు. కాసేపటికి తనంతట తానే లోపలికి జరిగి చోటు వదిలింది.

ఎవరూ రాలేదు.

ఆరాధన అయ్యాక డీకన్‌ని అడిగింది. "మిస్ ఓజెల్లా ఏరండీ?"

"మంగళవారం పోయిందమ్మా. నిన్ననే మట్టి చేశాం. మంచాన పడ్డాక కూడా 'ఆ పిల్ల వచ్చిందా' అని అడుగుతూనే ఉంది."

మార్వీటా బెంచీ వైపు తిరిగింది. పోయినవాళ్ళ సీటుకి తర్వాతి ఆదివారం తెల్ల రిబ్బను కడతారని ఆమెకి తెలుసు. తన బెంచీకి రిబ్బను లేదు. వెతికితే మొట్టమొదటి బెంచీకి, పాస్టర్‌కి సరిగ్గా ఎదురుగా కనబడింది.

"అదేంటండీ? ఆవిడ సీటు ఇది కదా?"

"నలభై ఏళ్ళుగా ఆవిడ సీటు అదేనమ్మా. వయసులో ఉండగా మొగుడి దెబ్బలకి రెండు చెవులూ పోయాయి. ఎదురుగా పెదాలు కనబడితే తప్ప ఒక్క ముక్క తెలిసేది కాదు."

అంటే ఆ రోజు తను గొణిగిన మాట ఆవిడకి చేరనే లేదు.

"మరి వెనక్కెందుకు వచ్చిందండీ?"

డీకన్ కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వొచ్చిన మొదటి రోజే ఒకసారి వెనక్కి తిరిగి నిన్ను చూసి, ముందు బెంచీలోంచి లేచి నా దగ్గరికొచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, 'ఆ పిల్ల తలుపు మీంచి చూపు తిప్పట్లేదు హార్వెల్, తలుపుకీ దానికీ మధ్య ఎవరో ఒకరు కూర్చోవాలి' అంది."