ఎవరిదీ కాని మెట్టు

"ఆ మెట్టు నాది కాదు," అన్నాడు వెంకటరమణయ్య, ప్రొద్దుటూరు కోర్టు బోనులో నిలబడి.

వెనక బెంచీ మీద కూచున్న బాలయ్యకు కళ్లలో కారం కొట్టినట్టయింది. వెంకటరమణయ్య బట్టలంగడి ముందున్న ఆ నల్లబండ మెట్టు మీదే అతని పెండ్లాం చిన్నసుబ్బమ్మ జారి పడింది. శుక్రవారం పొద్దున సబ్బునీళ్లతో కడిగి, పసుపు పూసి, ఆరకముందే అంగడి తెరిచారు. తుంటి ఎముక విరిగింది. గొర్రెల వెంట ముద్దనూరు దాకా నడిచిన మనిషి, ఇప్పుడు మంచం దిగాలంటే మొగుడు ఎత్తుకోవాలి.

"మెట్టు మీ అంగడి ముందే కదా ఉండేది?" అని అడిగాడు బాలయ్య తరఫు లాయరు గఫూర్.

"ముందే ఉంది. రోడ్డు కూడా ముందే ఉంది. రోడ్డు నాదవుతుందా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పూసేదెవరు?"

"మా ఆవిడ. లక్ష్మీదేవి ఎవరి మెట్టెక్కి వచ్చినా మాకు సమ్మతమే. అది కాలువ మీద ఉంది. కాలువ మునిసిపాలిటీది."

మునిసిపాలిటీ లాయరు లేచి, కాలువ తమదే గానీ మెట్టు తాము కట్టలేదన్నాడు. జడ్జి విసుగ్గా కళ్లద్దాలు తీశాడు. "మెట్టు ఎవరిదో ముందు రుజువు చెయ్యండి. వచ్చే వాయిదాకి తేకపోతే దావా నిలవదు."

బయటికి వచ్చాక గఫూర్ తల అడ్డంగా ఊపాడు. "రుజువు యాడ తెస్తాం బాలయ్యా? కాలువ మీద కట్టినదానికి కాగితాలుండవు. ఆయన నాదంటే నీకు పరిహారం కట్టాల. చచ్చినా అనడు."

"చూసినోళ్లు శానామంది ఉండారు గదా సామీ?"

"బజారంతా కాలువ మీద మెట్లేసుకున్నోళ్లే. వాళ్లొచ్చి చెప్తారా?"

"అంటే నా పెండ్లాం గాలి మీద నడిచి జారిందా?"

కారెక్కబోతున్న వెంకటరమణయ్య ఆ మాట విని ఆగాడు. "కింద చూసి నడవాలప్పా బాలయ్యా. గొర్రెలకు నేర్పుతావు, ఇంట్లో ఆడమనిషికి నేర్పలేదా?"

బాలయ్య పిడికిలి బిగిసింది. బస్సెక్కి ఊరు చేరేదాకా అది విడలేదు.

జరిగిందంతా చిన్నసుబ్బమ్మ మంచంలో పడుకునే వినింది.

"అయితే ఆ మెట్టుకు మొగుడే లేడంటనా?"

"లేడంట."

"మన చేన్లో పడి మేసిన గొర్రెను గూడా ఎవడూ నాదనడు మామా."

"మెట్టు సంగతి చెప్తాంటే గొర్రె యాడిదే నీకు?"

ఆమె నొప్పికి పండ్లు బిగబట్టి ఇటు తిరిగింది. "అట్ల ఎవడూ నాదనకపోతే మా నాయన ఏం చేస్తాండెనో మర్చిపోతివా?"

బాలయ్య బయటికి పోయి అరుగు మీద కూచున్నాడు.

మళ్లీ శుక్రవారం, బేరాలు ముసిరే వేళకు, భుజాన గడ్డపారతో ప్రొద్దుటూరులో బస్సు దిగాడు. మెట్టు కడిగి ఉంది, పసుపు మెరుస్తా ఉంది. ఒక్క మాట మాట్లాడకుండా బండ సందులో గడ్డపార దూర్చి పైకి లేపాడు. బండ రెండు ముక్కలయింది.

"పాపం, పెండ్లాం పడిన కాడ్నుంచి మతి చలించింది," అన్నారు ఎవరో.

వెంకటరమణయ్య గల్లాపెట్టె వదిలి చెప్పుల్లేకుండా ఉరికొచ్చాడు. గుమాస్తాలు బాలయ్య చేతులు విరిచి పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. పోలీస్ స్టేషన్ దాకా తోసుకుంటూ పోతే, తనే ముందు నడిచినట్టు నడిచాడు.

"పట్టపగలు నా ఆస్తి పగలగొట్టినాడు మేడం," అన్నాడు వెంకటరమణయ్య వగరుస్తా.

ఎస్సై హేమలత బాలయ్యను ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, ఒళ్లు కొవ్వెక్కిందా? ఎవరి మెట్టనుకున్నావు?"

"ఎవరిదీ కాదన్నారు మేడం. అందుకే పెరికినా."

"ఎవరిదీ కాకపోయేదేంది?" వెంకటరమణయ్య బల్ల గుద్దాడు. "మా నాయన కట్టించిన మెట్టు మేడం అది. ఎర్రగుంట్ల నుంచి బండ తెప్పించి నేనే దగ్గరుండి పాలిష్ పట్టించినా. అద్దం మాదిరి ఉండె."

"అట్లయితే ఆ మాటే రాసి సంతకం పెట్టండి. కేసు కడతా."

"ఒకటి కాదు, పది పెడతా. వీణ్ని లోపలెయ్యండి."

అంతలో కబురు తెలిసి గఫూర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. కేసంతా మట్టిపాలు చేశావని బాలయ్యను తిట్టడానికి నోరు తెరిచాడు. బల్ల దగ్గర ఎస్సై ఫిర్యాదు పైకి చదువుతోంది. "నా సొంత మెట్టు, నేను పాలిష్ పట్టించిన మెట్టు." తెరిచిన నోరు అట్లే ఉండిపోయింది. బాలయ్య వైపు చూశాడు. బాలయ్య నేల చూపులు చూస్తున్నాడు, బుద్ధిమంతుడి మాదిరి.

వెంకటరమణయ్య సంతకం పెట్టి కలం మూత బిగించాడు.

"మేడం," అన్నాడు గఫూర్ మెత్తగా, "దాని నకలు నాకూ ఒకటి ఇప్పించండి. ఈయన మెట్టు మీద జారిపడిన మనిషి కేసొకటి కోర్టులో ఉంది."

వెంకటరమణయ్య చెయ్యి కాగితం మీదికి పోయింది. ఎస్సై దాన్ని పక్కకు లాగింది.

బాలయ్య జేబులో ఫోను మోగింది. ఫోనులో అతనికి స్పీకరు పెడితే తప్ప వినపడదు. చిన్నసుబ్బమ్మ గొంతు స్టేషనంతా పలికింది.

"మా నాయన కత్తి నూరితే గొర్రెకు మొగుడు ఉరుక్కుంటా వస్తాండె. మెట్టుకు వచ్చినాడా మామా?"