డెబ్బై అయిదు డిగ్రీలు

ఫోను మోగగానే అమల గొంతు సవరించుకుంది.

"నమస్కారం, స్టీమ్ ఒవెన్ హెల్ప్‌లైన్. నేను అమల, చెప్పండి."

"నేనే బిడ్డా, నీలమ్మను. ఇయ్యాల మళ్ల కోడి వండమన్నరు. మస్తు భయమైతున్నది."

నీలమ్మ లాడ్ బజార్‌లో గాజుల వ్యాపారి ప్రహ్లాద్ ఇంట్లో వంట చేస్తుంది. ప్రహ్లాద్ తల్లి రుక్మిణమ్మకు ఆపరేషన్ అయ్యాక, ఆవిరి మీద ఉడికినవే పెట్టమన్నాడు డాక్టరు. ఒవెన్ కొన్నారు గానీ నీలమ్మకు దాని సంగతి చెప్పినవాళ్లు లేరు. కొత్తలో ఓసారి కోడిముక్కలు లోపల పచ్చిగా ఉండిపోయి పెద్దావిడకు వాంతులయ్యాయి. ఇంకోసారి ఇలాగైతే పనికి రావద్దన్నారు. అప్పటినుంచి రోజూ పదకొండింటికి ఆమె ఫోను చేస్తుంది. ఆఫీసు లైను దొరకడం కష్టమని అమలే తన సొంత నంబరు ఇచ్చింది.

అమలది చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన ఒంటి గది. స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని పదిన్నరకే బల్ల ముందు కూర్చుంది. నిన్న నీలమ్మ ఫోను పెట్టేశాక అమల మళ్లీ నోరు విప్పడం ఇదే.

"భయపడకు అక్కా. ముక్కలన్నీ ఒక్క తీరు కోసినవా?"

"రెండు పెద్దగున్నయ్."

"అవి గూడ కొయ్యి. లేకుంటే చిన్నవి ఉడికిపోతయ్, పెద్దవి పచ్చిగనే ఉంటయ్. ఒకదానికొకటి తగలకుండ పరిచి పెట్టు. నడుమల నుంచి ఆవిరి తిరగాలె."

నీలమ్మ అరగంట టైము పెట్టింది.

"నీకు మస్తు ఫోన్లొస్తయ్ గద బిడ్డా, పెట్టేస్తా."

"వద్దక్కా, లైన్లనే ఉండు."

ఒవెన్ కూత పెట్టింది.

"పక్కకు నిలబడి తలుపు తియ్యి, ఆవిరి మొఖానికి కొడ్తది. పెద్ద ముక్క నడుమ థర్మామీటర్ గుచ్చు, కండలనే ఉండాలె, బొక్కకు తగలొద్దు. ఎంత చూపిస్తున్నది?"

"అరవై ఎనిమిది."

"మళ్ల పెట్టు, ఇంకో అయిదు నిమిషాలు."

అయిదు నిమిషాలకు ఒవెన్ మళ్లీ కూత పెట్టింది.

"డెబ్బై తొమ్మిది, బిడ్డా!"

"అన్ని ముక్కలల్ల డెబ్బై అయిదు దాటితే ఫికర్ లేదు. ఒక్కొక్కటి చూడు. ఉడికినవి పచ్చి కోడి పెట్టిన పళ్లెంల మాత్రం వెయ్యకు."

నీలమ్మ ఫోను గట్టు మీదే పెట్టి వడ్డించడానికి పోయింది. గిన్నెల చప్పుడు, ఎవరివో మాటలు, నవ్వులు వినిపిస్తుంటే అమల ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది. చాలాసేపటికి నీలమ్మ వచ్చింది.

"పెద్దమ్మ కడుపు నిండ తిన్నది! ఇంకో ముక్క అడిగింది." అంది నీలమ్మ. "నా నౌకరీ నిలబెట్టినవ్ బిడ్డా."

"నా డ్యూటీనే గదక్కా."

"రేపు చాపలు వండమన్నరు. ఫోన్ చెయ్యాల్నా మరి?"

"తప్పకుండ చెయ్యి, నేనుంట. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు."

కంపెనీ అమలను ఉద్యోగంలోంచి తీసేసి రెండు నెలలైంది.