నేల కింద వేడి

"ఆ గునపం ఒదులు. ఈ నేల తవ్వీసి, నీ గొట్టాలన్నీ నీ మొకాన కొట్టి పంపిస్తాను!"

గది గుమ్మంలో బైరాగి గునపం ఒక కొస పట్టుకుని లాగుతున్నాడు. రెండో కొస పట్టుకుని బావమరిది ఎల్లాజీ వదలడం లేదు.

"బావా, ఒక్క మాట ఇను. నిన్న మధ్యాన్నం నేనొచ్చి సూసినాను. నేల వెచ్చగానే ఉంది."

"నువ్వొచ్చినప్పుడు వెచ్చగుంటాది. నేను డూటీ దిగి వొచ్చేసరికి సల్లటి రాతిబండ అయిపోతాది. నీ మెషీనుకి నేనంటే పడదేటి?"

"నీ మీసం సూసి బయపడతందేమో బావా."

"ఏలాకోలాలాడకు. ఇక్కడ మీ అప్ప పానం పోతంది."

ఎల్లాజీ నవ్వు ఆగిపోయింది.

కాశీబుగ్గలో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టే కాలం అది. అలాంటి ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసే ఎల్లాజీ, అక్క ఇంట్లో నేల కింద వేడినీళ్ళు పారించాడు. కొరియాలో ఓడలు కట్టే పనికి వెళ్ళినప్పుడు అక్కడి ఇళ్ళలో నేల వెచ్చగా ఉండటం చూశాడట. విశాఖపట్నంలో మూతపడిన హోటల్ నుంచి పాత ఏసీ ఒకటి తెచ్చి, విప్పి, మార్చి, పెరట్లో బిగించాడు. ఉన్న ఒక్క గదిలో నేలంతా గొట్టాలు పరిచి పైన సిమెంటు పోశాడు. బయటి గాలిలో ఉన్న వేడిని లాక్కొచ్చి నీళ్ళకు ఇస్తుందని అతను చెబితే, పుష్యమాసపు గాలిలో వేడెక్కడిదని వీధంతా నవ్వింది.

బైరాగి మాత్రం నవ్వలేదు. కిడ్నీ జబ్బు వచ్చిన దగ్గర్నుంచి అతని భార్య సింహాచలమ్మ ఒంట్లో వెచ్చదనమే లేదు. రెండు రగ్గులు కప్పినా పళ్ళు టకటకలాడేవి. ఆమె ఈ చలికాలం వణక్కుండా పడుకుంటే అతనికి అదే చాలు.

"అప్ప ఏటంటంది?" అడిగాడు ఎల్లాజీ. సింహాచలమ్మ టెక్కలి ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు.

"అదేటంటాది? రగ్గులో వొణుకుతానే బాగుంది మావా అంటాది. తమ్ముడు కట్టినాడు కదా, నీ మనసు నొచ్చుకుంటాదని."

ఎల్లాజీ గునపం వదిలేశాడు.

"రేపు ఒక్క పూట సెలవెట్టు బావా. మధ్యాన్నం ఇద్దరం కలిసి సూద్దాం. సల్లగుంటే నేనే తవ్వీస్తాను."

మర్నాడు బైరాగి జీడి ఫ్యాక్టరీలో బట్టీ పని ఇంకొకరికి అప్పగించి, భోజనాల వేళకే బయలుదేరాడు. వీధి మలుపులో ఎల్లాజీ కలిశాడు. ఇద్దరూ చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి, ఓరగా తెరిచి ఉన్న తలుపు సందులోంచి చూశారు.

సింహాచలమ్మ నిద్రపోతోంది. కింద చాప లేదు, మీద రగ్గు లేదు. వట్టి నేలకు చెంప ఆనించి పడుకుంది.

బైరాగి ఆ నిద్రను గుర్తుపట్టాడు. పెళ్ళికి ముందు ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు పప్పు ఎండబెట్టే గది పక్కన నడుం వాల్చేవారు. అక్కడ నేల వెచ్చగా ఉండేది. అందరికంటే ముందు సింహాచలమ్మే నిద్రపోయేది, ఇలాగే, చెంప నేలకు ఆనించి. ఒకరోజు ఆమె ముక్కు మీద జీడిపప్పు పొర అంటుకుని ఉంటే, ఆ సంగతి చెప్పడానికే అతను మొదటిసారి ఆమెతో మాట్లాడాడు. "ఉంటే ఉండనీ, నీకేటి?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

బైరాగి ఒంగి, గడప అవతల అరచెయ్యి ఆనించాడు.

"వెచ్చగుందిరా!" అన్నాడు గొంతు తగ్గించి.

"మరి నేను సెప్పలేదేటి?"

అంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. సింహాచలమ్మ ఉలిక్కిపడి లేచింది. చీర సర్దుకుని, గోడ దగ్గరికి నడిచి, అక్కడున్న మీటను పైనుంచి కిందికి తిప్పింది. పెరట్లో మెషీను ఒకసారి మూలిగి, వేరే గొంతుతో మళ్ళీ అందుకుంది.

"ఏట్రా అది?"

"అలా తిప్పితే నేలలో వేడి లాగి బయట పారీస్తాది బావా. ఎండాకాలంలో పనికొస్తాదని పెట్టినాను. ఇప్పుడు తిప్పితేనే గానీ సీకటి పడేసరికి నేల సల్లారదు. పొద్దున నువ్వెళ్ళాక అప్ప మళ్ళీ పైకి తిప్పుతందన్నమాట."

లోపల సింహాచలమ్మ దండెం మీది రగ్గు తీసి ఒంటికి చుట్టుకుంది. గది మధ్యలో బైరాగి పడుకునే చాప పరిచింది.

బైరాగి ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఏటే ఇది? నీకోసం నేల కింద వేడి పెట్టిత్తే నువ్వే ఆర్పీస్తన్నావా? ఆడి మీద గునపం ఎత్తినాను కదే!"

సింహాచలమ్మ మొగుణ్ణి చూసింది, వెనకే నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. రగ్గు ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"రోజంతా బట్టీ కాడ నిల్చొని వొస్తావు. నేను నిద్రపోయాననుకొని అరికాళ్ళకి తడిగుడ్డ సుట్టుకునేవోడివి" అంది నెమ్మదిగా. "ఈ నేల సల్లబడ్డ కాణ్ణుంచి నువ్వా గుడ్డ ఒక్కనాడూ తడపనేదు మావా."